పుట్టుమచ్చల చీటీ

పరీక్ష డ్యూటీలకు కొత్తగా వెళ్తున్న కుర్ర మాస్టర్లు నన్ను అడుగుతుంటారు, "సార్, చీటీ పెట్టుకున్న పిల్లల్ని మీరు గుమ్మంలోంచే కనిపెట్టేవాళ్ళట గదా, ఎట్లా?" అని. చెప్పడానికి అభ్యంతరమేమీ లేదు. అయితే నేను పట్టుకున్న చీటీల్లో నేనే దొరికిపోయినది ఒకటుంది. ముందు దాని సంగతి వినండి, తర్వాత నా దగ్గర నేర్చుకోవాలో వద్దో మీరే తేల్చుకోండి.

ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు మాస్టారుగా పనిచేశాను. చివరి పదేళ్ళూ ఆత్మకూరులోనే. నా ఎదురుగా సార్ అనేవాళ్ళు, నా వెనకాల సి.ఐ.డి. అనేవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు. కందిపప్పు కొంటే రెండు బద్దలు కొరికి చూడందే సంచి పట్టను. బస్సు కండక్టరు చిల్లర ఇస్తే దిగేదాకా అరచేతిలోనే ఉంచుకుంటాను. పిల్లవాడు కడుపునొప్పి అంటే ఏ పక్క అని అడుగుతాను, కాసేపాగి మళ్ళీ అడుగుతాను. పక్క మారిందా, దొరికాడన్నమాట. ఈ గుణం చూసే ప్రతి ఏడూ పదో తరగతి పరీక్షలకు నన్ను స్క్వాడ్‌లో వేసేవాళ్ళు.

మా బడిలో నాతోపాటు ఇంకొక ఇంగ్లీషు మాస్టారు ఉండేవాడు. నాకన్నా పదేళ్ళు చిన్న. అతనికొక పిచ్చి ఉండేది. ప్రతి పీరియడ్‌లో మొదటి అయిదు నిమిషాలు పాఠం చెప్పడు. రోజూ వాడే ఒక ఇంగ్లీషు మాట తీసుకుని అది ఎక్కడ పుట్టిందో చెబుతాడు. దానికి పుట్టుమచ్చ అని పేరు పెట్టాడు. పదో తరగతి పిల్లల వివరాలు పంపేటప్పుడు ఒక్కొక్కరికి రెండు పుట్టుమచ్చలు చూసి రాయాలి, మీకు తెలుసు గదా. "మనిషికి రెండు రాసుకుంటామే అన్నా, మాటకి ఒకటన్నా చూడొద్దా?" అనేవాడు నాతో.

నాకు ఒళ్ళు మండేది. మజిల్ అంటే లాటిన్‌లో చిట్టెలుక అట. చేయి మడిస్తే చర్మం కింద కండ ఎలుకపిల్ల మాదిరి కదులుతుందని ఆ పేరు పెట్టారట. స్టాఫ్ రూములో తన చొక్కా చేయి పైకి మడిచి మరీ చూపించాడు. ఆ మనిషికి అంత కండ లేదు కాబట్టి ఎలుక కూడా కనపడలేదు. పిల్లల చెవిలో పువ్వులు పెడుతున్నాడని అప్పుడే తీర్మానించుకున్నాను. తీరిక ఉన్న మనిషి ఏదో దాస్తున్నాడని నా నమ్మకం. ప్రైవేటు చెబుతాడేమోనని రెండు సాయంత్రాలు అతని వీధి వెంట నడిచాను కూడా. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకకపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది. రెండేళ్ళకు అతనికి ఉదయగిరి బదిలీ అయింది. నాకు హాయిగా అనిపించింది.

ఆ తర్వాతి సంవత్సరం పరీక్షలప్పుడు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఉదయగిరిలో ఫలానా సెంటర్లో ఇంగ్లీషు బిట్ పేపర్ జవాబులు గుర్తుల రూపంలో తిరుగుతున్నాయని అందులో ఉంది. ఎవరు రాశారో ఈనాటికీ తేలలేదు. నాకు ముగ్గురి మీద అనుమానముంది, ఆ ముగ్గురూ ఇప్పటికీ నాకు నమస్కారం పెడతారు.

అప్పట్లో బిట్ పేపర్ చివరి అరగంటలో ఇచ్చేవాళ్ళు. ఇరవై బిట్లు, ఒక్కొక్కదానికి నాలుగు జవాబులు, ఏ, బి, సి, డిలలో ఒకటి రాయాలి. కాపీ అంతా అక్కడే. ఒకడు చెవి గోక్కుంటే ఏ, ముక్కు గోక్కుంటే బి. ఒక సెంటర్లో పూలు, పండ్లు, పక్షుల పేర్లు రాసుకొచ్చిన చీటీని, పువ్వంటే ఏ, పండంటే బి అని నేనే విప్పి చెప్పాను. అది నా ఉద్యోగ జీవితంలో గొప్ప రోజు. దాని గురించి చాలా మందికి చాలా సార్లు చెప్పాను.

సరే, ఇంగ్లీషు పరీక్ష రోజు వింజమూరు మీదుగా జీపులో ఉదయగిరి వెళ్ళాం. స్క్వాడ్‌కు పెద్ద ఒక డిప్యూటీ తాసిల్దారు. పరీక్ష మొదలై గంటన్నర దాటింది. మూడో గదిలో, కొండ వైపు కిటికీ పక్కన, ఒక పాప రాస్తూ రాస్తూ ఆగి, అట్టను కొంచెం పైకెత్తి, కిందికి చూసి, పెదవులు కదిపి, మళ్ళీ రాసుకుంటోంది. నాకింకేం కావాలి? వెనక నుంచి వెళ్ళి అట్ట ఎత్తాను. కింద నాలుగు మడతల కాగితం.

విప్పితే ఇరవై వరసలు. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగులో ఏదో వస్తువు. విండో, గాలి కన్ను. మజిల్, చిట్టెలుక. డిజాస్టర్, చెడ్డ చుక్క. క్యాండిడేట్, తెల్లబట్ట. ఈజిల్, గాడిద. క్లూ, దారపుండ. శాలరీ, ఉప్పు. అక్కడక్కడ పక్కన సన్నటి అక్షరాలతో ఇంకేవో ముక్కలు కూడా ఉన్నాయి, అవి చదివే ఓపిక నాకు లేదు. బిట్లు ఇరవై, వరసలు ఇరవై. నా గుండె సంతోషంతో కొట్టుకుంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంతోషంతోనే.

పాప లేచి నిలబడింది. "అది కాపీ కాదు సార్. మా సార్ చెప్పినవి సార్. భయమైతే చదువుకుంటా, కుదురుకుంటాది. బయట పెట్టేది మర్చిపోయినాను సార్."

"ఏ సార్?"

ఆ పాప చెప్పింది. ఆత్మకూరు నుంచి వచ్చిన ఇంగ్లీషు సార్ అని, పేరు కూడా.

ఇక్కడ మీరు నన్ను బాగా చూడాలి. చిట్టెలుక కథ నేను విన్నదే. ఆ పాప చెబుతున్నది నిజం కావడానికి అవకాశముందని ఆ క్షణంలో నాకు తెలుసు. అయినా నా బుర్ర ఏం చేసిందంటే, ఓహో, ఈ పుట్టుమచ్చల తతంగమంతా ఇందుకన్నమాట, ఏళ్ళ తరబడి పిల్లలకు గుర్తులు నేర్పుతున్నాడన్నమాట, అనుకుంది. నా పాత అనుమానానికి ఇన్నాళ్ళకు సాక్ష్యం దొరికింది.

పాప జవాబు పత్రం తీసుకుని హెడ్మాస్టర్ గదిలో కూర్చోబెట్టాం. డిప్యూటీ తాసిల్దారుకు నేను అక్కడికక్కడే ఒక సూత్రం తయారు చేసి చెప్పాను. కుడివైపున జంతువు ఉంటే ఏ, ఒంట్లో భాగమైతే బి, ఆకాశానికీ భూమికీ సంబంధించినదైతే సి, తినేదో కట్టుకునేదో అయితే డి. బిట్ పేపర్ కట్ట విప్పే టైమయింది. మొదటి అయిదు బిట్లకు నా సూత్రం పెట్టి చూశాం. మూడు సరిపోయాయి.

"అబ్బ, ఏం బుర్ర మాస్టారూ మీది! అంటే పేపర్ ముందే బయటికొచ్చిందంటారా?" అన్నాడాయన.

"రాకుండా ఈ చీటీ ఎట్లా తయారవుతుంది సార్?" అన్నాను.

మిగతా పదిహేను ఎవరూ చూడలేదు. చూసే అవసరం ఉందని మా ఇద్దరికీ తోచలేదు. చీటీకి నకలు నా పుస్తకంలో రాసుకుని, అసలు దాన్ని కాపీ కేసు ఫారానికి గుచ్చి, కింద లీకు అనుమానమని నా చేతులతో నేనే రాశాను. పాప చేత కూడా వాంగ్మూలం రాయించాం. తెలుగులో రాయమంటే ఇంగ్లీషులో రాసింది. చక్కటి ఇంగ్లీషు. అంత చక్కగా ఉండటం మీద కూడా నాకు అనుమానం వచ్చింది. ఆ కాగితాలన్నీ పెట్టిన కవరు నెల్లూరు జిల్లా ఆఫీసుకు వెళ్ళిపోయింది. మిగతా పరీక్షలు రాయనిచ్చారు గానీ, విచారణ తేలేదాకా ఫలితం ఆగిపోతుంది.

ఆ సాయంత్రం ఆత్మకూరులో ఇంటికి రాగానే నా లావు డిక్షనరీ దించాను. ఎందుకో చెప్పనా? ఆ మాస్టారు చెప్పిన పుట్టుకలన్నీ కల్పితాలని రుజువు చేసి ఇంకో కాగితం జత చేద్దామని.

మజిల్ తీశాను. లాటిన్, చిట్టెలుక. సరే, ఒకటి ఎక్కడో చదివుంటాడు. విండో, పాత ఉత్తర దేశాల భాషలో గాలికి కన్ను. డిజాస్టర్, చెడ్డ నక్షత్రం. క్యాండిడేట్, రోములో పదవికి నిలబడేవాళ్ళు తెల్లగా సుద్ద పట్టించిన బట్ట కట్టేవాళ్ళట. ఎలక్షన్లప్పుడు మా వీధుల్లో తిరిగే తెల్ల చొక్కాల్ని చూసినవాడికి దీనికి డిక్షనరీ కూడా అక్కర్లేదు. ఈజిల్, అదే మన బోర్డు నిలబెట్టే కొయ్య స్టాండు, డచ్చి భాషలో గాడిద. మోసేది గదా మరి. క్లూ అంటే ఒకప్పుడు దారపుండ, చిక్కుదారుల్లోకి పోయినవాడు దారం విప్పుకుంటూ పోయి దాన్నే పట్టుకుని బయటికొచ్చిన పాత గ్రీకు కథ. క్వారంటైన్, నలభై రోజులు ఓడను రేవు బయట ఆపడం. ఒక్కొక్కటీ నిజమవుతుంటే నాకు కోపం పెరుగుతోంది. ఒక్కటన్నా అబద్ధం దొరకదా అని పేజీలు తిప్పుతున్నాను.

శాలరీ దగ్గర ఆగాను. రోము సిపాయిలకు ఉప్పు కొనుక్కోవడానికి ఇచ్చిన సొమ్మని నా డిక్షనరీ గట్టిగా చెబుతోంది. నకలు చూస్తే, ఉప్పు అన్న మాట పక్కన నేను ఉదయగిరిలో చదవకుండా గీకి తెచ్చుకున్న సన్నటి ముక్క ఉంది. "ఉప్పుతో చుట్టరికం నిజమే. సిపాయిల కథకు రుజువు లేదని సార్ అన్నారు." నేను ముప్పై ఏళ్ళుగా ఎదురు ప్రశ్న లేకుండా నమ్మిన మాటనే అతను అనుమానించాడు. పెన్ దగ్గర ఇంకొకటుంది. పెన్ అంటే ఈక, లాటిన్‌లో పెన్నా. పక్కనే, "సంగం దగ్గర పారే మన పెన్నకూ దీనికీ సంబంధం లేదు. వినడానికి ఒకటిగా ఉంటే చాలదు." గుర్తుల చీటీ రాసేవాడు ఇట్లాంటి జాగ్రత్తలు ఎందుకు రాస్తాడు?

చివరి వరస బ్యాండికూట్. కుడివైపు పందికొక్కు అని ఉంది. ఇదైనా తప్పక కల్పితమే అనుకుని తీశాను. తెలుగు నుంచి, అని అచ్చేసి ఉంది. మన పొలాల గట్లు తవ్వే పందికొక్కు, సముద్రాలు దాటిపోయి, ఇంగ్లీషు మాటల్లో పెద్దమనిషిలా కూర్చుంది. ఆ పుస్తకాన్ని అన్నేళ్ళు వాడాను, అందులో తెలుగు అనే మాటను ఎన్నడూ చూడలేదు. చూడాలని ఎన్నడూ అనుకోలేదు.

అప్పుడు బుద్ధి వచ్చి, సంచిలో తెచ్చుకున్న బిట్ పేపర్ తీసి మిగతా పదిహేను బిట్లకు నా సూత్రం పెట్టి చూశాను. రెండు సరిపోయాయి. మొత్తం ఇరవైలో అయిదు. కళ్ళు మూసుకుని రాసినా అన్నే వస్తాయి. నాలుగు జవాబులున్నప్పుడు ఏదో ఒకటి తగలక ఎక్కడికి పోతుంది? నామీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం ఉదయగిరి బస్సెక్కాను. ఆ మాస్టారి ఇంటి ముందు నిలబడితే లోపలికి రమ్మనలేదు.

"ఏందన్నా, నా మీద కోపముంటే నన్ను పట్టుకోవాల్సింది. ఆ పాపేం చేసింది నిన్ను?"

"తప్పయిపోయిందయ్యా."

"తప్పయిపోయిందంట! వాళ్ళది సీతారామపురం అవతల పల్లె. అమ్మా నాయనా బెంగుళూరులో బిల్డింగ్ పనికి పోయినారు. ఈ పాప ఇక్కడ వాళ్ళవ్వ దగ్గర ఉండాది. ఆ ముసలామె ఈ ఊళ్ళో చేసే చెక్క స్పూన్లకు కూలికి ఉప్పుకాగితం రుద్ది చదివిస్తా ఉండాది. నాయన ముందే చెప్పేసినాడు, పాసైతే ఆత్మకూరు కాలేజీ, లేదంటే వాళ్ళతోపాటు బెంగుళూరికి ఇటుకలు మోసేదానికి. నిన్న వచ్చి కూర్చోనుండాడు తీసకపోవడానికి. నువ్వొచ్చి నాకు చెబుతుండావు తప్పయిందని."

నా ఫారం పొరపాటని నెల్లూరుకు ఉత్తరం రాస్తానన్నాను. "ఇంటికి పోయి రాస్తావా? నీ మాట నమ్మేదెట్లా? ఇక్కడే, నా ముందర రాయి" అన్నాడు. అప్పుడు లోపలికి పిలిచాడు. రాసిన ఉత్తరాన్ని మూడుసార్లు చదివాడు, ఎక్కడన్నా తప్పించుకునే సందు పెట్టానేమోనని. జీవితంలో మొదటిసారి నన్నొకరు అనుమానంగా చూస్తుంటే ఎట్లా ఉంటుందో తెలిసింది. అది బాగుండదు పిల్లలూ. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మే నెలలో నెల్లూరులో విచారణ జరిగింది. పాప, వాళ్ళ నాయన, నేను. విచారణ చేసే అధికారి ఒకావిడ. మంచి మనిషే, కానీ టేబుల్ మీద అట్లాంటి ఫైళ్ళు కుప్పగా ఉన్నాయి. నా ఫారాన్నీ నా ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టింది.

"మొదట పేపర్ లీకు అన్నారు. ఇప్పుడు కాదంటున్నారు. నేనేది నమ్మాలి మాస్టారూ?"

"రెండోదమ్మా. మొదటిది ఏమీ చూడకుండా రాశాను. రెండోది అన్నీ చూసి రాశాను."

ఆవిడ పాపను అడిగింది. పాప భయపడుతూనే చెప్పింది, గాలి కన్ను నుంచి పందికొక్కు దాకా, చీటీ చూడకుండా, ఇరవై. దాంతోపాటు ఏది రుజువైనదో ఏది కాదో కూడా. వాళ్ళ నాయన నోరు తెరుచుకుని కూతుర్ని చూస్తున్నాడు. అధికారి నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆవిడ మళ్ళీ ఫైలు చూసి తల అడ్డంగా ఊపింది.

"పాప మంచిదే. కానీ రూలు చూడండి. ఆ రోజు సబ్జెక్టుకు సంబంధించిన ఏ కాగితం దగ్గరున్నా కాపీయే. ఇంగ్లీషు పరీక్షలో ఇంగ్లీషు మాటల చీటీ. నేను వదిలేస్తే రేపు నన్నడుగుతారు."

"ఇంకేం దారి లేదా అమ్మా?"

"ఒకటుంది. పట్టుకున్న మనిషే రాసివ్వాలి, ఈ కాగితానికీ ఆ సబ్జెక్టుకూ సంబంధం లేదని. కింద పాప సంతకం పెట్టాలి. అట్లయితే పేపర్ దిద్దిస్తాను."

తెల్ల కాగితం తీసుకుని వరండాలోకి వచ్చాను. బల్ల మీద పెట్టుకుని రాశాను: ఈ చీటీలోని విషయానికీ ఇంగ్లీషు అనే సబ్జెక్టుకూ ఎట్టి సంబంధమూ లేదు. నా సంతకం చేసి పాపకు ఇచ్చాను. ఆ పాప ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది.

"సంబంధం లేదని రాసినారే సార్?"

"అట్లా రాస్తేనే నీ పేపర్ దిద్దుతారమ్మా."

"కానీ ఉండాది గదా సార్."

"ఉంది."

"మరి దీనికింద నా పేరు రాస్తే అబద్ధం కాదా సార్?"

నేను పిల్లలకు ముప్పై ఏళ్ళు జవాబులు చెప్పినవాణ్ణి. పెన్ను ఆ పాప వైపు జరిపాను. వాళ్ళ నాయన పక్కనుంచి, "పెట్టు మే, సారు చెప్తా ఉండాడు గదా" అన్నాడు. పాప నా కళ్ళలోకి ఒకసారి చూసి, పెన్ను తీసుకుని, పూర్తి పేరు రాసి, పరీక్ష నెంబరు కూడా వేసింది. వేసి కాగితాన్ని నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, మెట్లు దిగిపోయింది.

పేపర్ దిద్దారు. పాప పాసయింది, ఆత్మకూరులో కాలేజీలో చేరింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు, పొరపాటు ఒప్పుకున్న పెద్దమనిషినని. ఆ ఫైలు నెల్లూరులో ఎక్కడో కట్ట కట్టి ఉంటుంది. అందులో నిజంగా జరిగిన మోసం ఒకే ఒక్కటుంది. దాన్ని నేను రాశాను, ఆ పాప చేత సంతకం పెట్టించాను.